రెండు వేపచెట్ల నడుమ లేని తీగ

నా డైరీల్లో మూడు సంగతులు ఏ రోజూ తప్పిపోలేదు. వాన పడిందా లేదా, పైరుకు ఏ పురుగు తగిలింది, బస్సు ఎంత ఆలస్యంగా వచ్చింది. వ్యవసాయ శాఖలో చేరినప్పటి నుంచి పదవీ విరమణ దాకా జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ఆఫీసుల మధ్యే తిరిగినవాణ్ని. అంతకు మించి రాసుకోవడానికి నాకేమీ జరగలేదు. హత్యలు రాసేవాణ్ని కాదు. అవి పేపర్లో వస్తాయి, పైగా డైరీ ఎవరి చేతికైనా చిక్కవచ్చు. "ఈ రోజు ఆ ఊరికి పోలేదు" అని మాత్రం రాసేవాణ్ని. ఎందుకు పోలేదో ఈ సీమలో ఎవరికీ చెప్పనవసరం లేదు.

అలాంటి డైరీలో ఒకచోట విమానం వస్తుంది.

ఆ ఏడు వేరుశనగకు ఎర్ర గొంగళి పురుగు పట్టింది. ఒక చేను తిని, ఇంకో చేనికి దండుగా కదిలేది. తారురోడ్డు దాటుతుంటే వాటిమీద బస్సు చక్రాలు జారేవి. రైతులు వీపున పంపులు తగిలించుకుని మందు కొట్టేలోగా చేలో పుల్లలే మిగిలేవి. విమానంతో మందు చల్లిస్తామని ప్రభుత్వం ప్రకటించింది. పక్కనే ఎన్నికలున్నాయి కాబట్టి విమానం నిజంగానే వచ్చింది.

జమ్మలమడుగు దగ్గర రాళ్ళేరి, రోలరు తోలి, మట్టితో రన్‌వే తయారు చేశారు. నాకు అప్పగించిన పని రెండు భాగాలు. ఒకటి, తొండూరు వైపు ఒక ఊరి పొలాల పటం గీసి, విమానానికి అడ్డం వచ్చేవన్నీ అందులో గుర్తించడం: కరెంటు తీగలు, ఎత్తైన చెట్లు, బావుల మీది మోటారు కొట్టాలు. రెండు, చేనికి రెండు కొసల్లో జెండా మనుషులను నిలబెట్టడం. విమానం ఒక జెండా నుంచి రెండో జెండాకు తిన్నగా మందు చల్లుకుంటూ పోతుంది. అది పోగానే జెండాలవాళ్ళు ఇద్దరూ ఇరవై అంగలు పక్కకు జరిగి నిలబడాలి. మళ్ళీ విమానం, మళ్ళీ ఇరవై అంగలు. మందు వాళ్ళ నెత్తిన పడుతుంది, కళ్ళు మండుతాయి. సాయంత్రం చెరొక చెంబు మజ్జిగ తాగిస్తే విషం విరుగుతుందని మా శాఖలో ఒక నమ్మకం. ఆ మజ్జిగ ఏర్పాటూ నాదే.

ఆ ఊళ్ళో పైవీధి, కిందవీధి అని రెండు వర్గాలు. ఇద్దరు పెద్దమనుషుల పేర్లూ డైరీలో ఉన్నాయి, ఇక్కడ రాయను. ఇద్దరికీ మనవళ్ళున్నారు. పైవీధి ఆయన ఒక పార్టీలో చేరితే కిందవీధి ఆయన రెండోదాంట్లో చేరేవాడు. తర్వాత ఎన్నికలకు ఇద్దరూ పార్టీలు మార్చుకున్నారు. గోడల మీద రంగులు మారాయి గానీ గోడల వెనక దాచుకున్న సామాను మారలేదు.

మొదటి పేచీ జెండాల రంగు మీద వచ్చింది. ఎర్రగుడ్డ అంటే ఒకరు, పచ్చగుడ్డ అంటే ఇంకొకరు ఒప్పుకోలేదు. తెల్లగుడ్డ అన్నాను. ఇద్దరూ జీవితంలో మొదటిసారి ఒక్కమాట మీదికి వచ్చారు.

"తెల్లజెండా పట్టుకోని మావోడు సేన్లో నిలబడితే, మేము లొంగిపోయినామని గదప్పా ఊరంతా అనుకుండేది?"

ప్రొద్దుటూరు పోయాను. నాకు తెలిసిన బట్టల అంగడి శెట్టిగారికి విషయం చెప్పాను. ఏ పార్టీకీ చెందని రంగు గుడ్డ రెండు గజాలు కావాలన్నాను.

ఆయన నా మొహం చూసి, "అట్లాంటి రంగు ఇంకా ఎయ్యలేదప్పా. ఆ గుడ్డ దొరికితే నాగ్గూడా ఒక సొక్కా కుట్టించు. దసరాకు సందాలోళ్ళు వచ్చినపుడు తొడుక్కుంటా" అన్నాడు.

చివరికి పెద్ద పెద్ద బంతిపూలు అచ్చేసిన దుప్పటి ఒకటి తీసి రెండుగా చించి ఇచ్చాడు. ఏ పార్టీ జెండామీదా అన్ని పూలు లేవు. ఊళ్ళో రెండు వీధులూ దాన్ని తిరగేసి, మరగేసి, వాసన చూసి ఒప్పుకున్నాయి.

రెండో పేచీ ఎవరు ఏ కొసలో నిలబడాలనేది. విమానం ఉత్తరం నుంచి వస్తుంది. అది మొదట ఎవరి నెత్తిమీదుగా వస్తే పెద్దరికం వాళ్ళదని ఎవరన్నారో తెలియదు. నేనైతే అనలేదు. పైవీధి ఆయన పట్టుబట్టి ఉత్తరం కొస తీసుకుని, అక్కడ తన చిన్నల్లుణ్ని నిలబెడతానన్నాడు. దక్షిణం కొసకు కిందవీధి మనిషి ఒకడు కుదిరాడు.

తర్వాత పటం గీయడానికి సైకిలు తీసుకుని పొలాల్లోకి పోయాను. తీగ అప్పుడు కనిపించింది.

మెయిన్ లైను నుంచి పైవీధి ఆయన చీనీ, అంటే బత్తాయి, తోటలోని బోరుకు ఒక తీగ లాగి ఉంది. ఒంటి అల్యూమినియం తీగ, తొడుగు లేదు. స్తంభాలు కూడా లేవు. ఒక వేపచెట్టు కొమ్మకు కట్టి, అక్కడి నుంచి ఇంకో వేపచెట్టుకు లాగి, ఉత్తరం కొస చేను మీదుగా తోటలోకి తీసుకుపోయారు. నడుమ బట్టలారేసే దండెంలా వేలాడుతోంది. కరెంటు ఆఫీసుకు పోయి అడిగితే వాళ్ళు పుస్తకం తీసి చూశారు. పుస్తకంలో అక్కడ ఏ లైనూ లేదు కాబట్టి పొలంలో కూడా లేదని చెప్పారు.

తీగ పొలాన్ని తూర్పు పక్క, పైవీధివాళ్ళ చేలల్లో కోస్తుంది; పడమటి చేలు కిందవీధివాళ్ళవి. పడమర నుంచి మొదలుపెట్టి జెండాలు ఇరవై అంగల చొప్పున జరిగితే ఎనిమిదో వరుసకు విమానం ఆ తీగ మీదికి వస్తుందని అంగలు కొలిచి రాసుకున్నాను. అది తాటిచెట్టంత ఎత్తు కూడా లేకుండా వస్తుంది. ఆ వేగంలో పైనుంచి తీగ కనపడదు. అంటే ఎనిమిదో వరుసలో ఒక మనిషి చచ్చిపోతాడు. తెగిన తీగ కింద తడి జెండాతో నిలబడినవాడు రెండో మనిషి.

పటంలో దేన్నైనా గుర్తించాలంటే ఊరివాళ్ళ మాట కూడా రాయాలని మా ఫారంలో ఉండేది. సరిగ్గా తీగ కింద, బాట పక్కన, కిందవీధి రైతు ఒకాయన గుంటక కట్టుకుంటున్నాడు.

"ఈ తీగ ఎప్పుడు లాగినారప్పా?" అన్నాను, పుస్తకం తెరిచి.

ఆయన పుస్తకం వైపు చూశాడు. "నేను ఆ పొద్దు ఊళ్ళో లేను సార్. మా బామ్మర్ది వాళ్ళ ఊరికి పోయింటి."

"ఏ పొద్దు? ఇప్పుడుండే తీగను గురించి అడుగుతాండా. నీ నెత్తిమీదుంది సూడు."

"నేను పైకి సూడలేదు సార్."

"పోనీ ఇప్పుడు సూడు."

"మెడ నొప్పి సార్" అని గుంటక ఎత్తుకుని పోయాడు.

తప్పు నాది. ఆ ఊళ్ళలో పుస్తకం తెరిచి ప్రశ్న అడిగేవాడు పోలీసు, జవాబు చెప్పేవాడు సాక్షి, సాక్షికి తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. "నేను చూడలేదు" అనే మాట అక్కడి పిల్లలకు అమ్మ, నాన్నల తర్వాత వచ్చే మూడో మాట.

అంత దూరంలో ఒక ముసలి గొర్రెల కాపరి మంద తోలుకుంటున్నాడు. మందు చల్లిన చేలల్లో పది రోజులు మేపొద్దని చెప్పడానికి ఎలాగూ పోవాలి. పుస్తకం జేబులో పెట్టుకుని పోయాను. పోయిన నెలలో ఆ తీగ తెగిపడి ఆయన మేకపోతు చచ్చిందని పులివెందుల బస్టాండులో ఎవరో చెప్పగా విన్నాను.

"మామా, నీ మేకపోతు కరెంటు తగిలి సచ్చిందంట గదా?"

"కరెంటు ఏందప్పా? దానంతట అదే సచ్చింది."

"దానంతటదే ఎట్ల సచ్చింది?"

"ఆయుస్సు తీరినాది." నా జేబు వైపు చూసి, గొంతు తగ్గించి అన్నాడు. "ఆయుస్సు తీరినపుడు ఆడ నుంచి ఈడికి ఎగిరిపడినాది."

తీగ యజమానినే అడుగుదామని పైవీధికి పోయాను. మిద్దె మీద ఇద్దరు మనుషులు తుపాకులతో కూర్చుని ఉన్నారు. విమానం పేరు చెప్పి కిందవీధివాళ్ళు పైనుంచి బాంబు వేయిస్తారేమోనని అనుమానమట. మందు డబ్బాలు తప్ప ఆ విమానంలో ఏమీ పట్టవని వాళ్ళకు నచ్చచెప్పడానికి అరగంట పట్టింది. విమానానికి ప్రమాదాలు ఏవని అడిగే మా ఫారంలో చెట్లకూ తీగలకూ గడులున్నాయి గానీ మిద్దెమీది తుపాకులకు లేదు.

పెద్దాయన మంచంమీద కూర్చుని చీనీపండు వలుస్తూ నా మాట పూర్తిగా విన్నాడు.

"ఆడ తీగ ల్యా సార్."

"నేను సూసొచ్చినా."

"కరెంటోళ్ళు ఉందన్న్యారా?"

"ల్యాదన్న్యారు."

"మరి ప్రభుత్వమే ల్యాదంటాంటే నువ్వెవురు ఉందనేకి? నువ్వు గూడా ప్రభుత్వమే గదా?" చీనీ తొనలు నా చేతిలో పెట్టాడు. "తిను. మన బోరు నీళ్ళే."

ఆ నీళ్ళను పైకి లాగుతున్న తీగ లేదు, తొనలు మాత్రం తియ్యగా ఉన్నాయి.

ఇల్లు చేరి పటం గీశాను. చెట్లు సిరాతో గీశాను. మోటారు కొట్టాలు సిరాతో. మెయిన్ లైను సిరాతో. ఆ ఒక్క తీగను మాత్రం పెన్సిలుతో గీశాను. ఎందుకని ఎవరూ అడగలేదు. ఎవరైనా పటం లాక్కుని చూస్తే, "పెన్సిలు గదా, ఇంకా నిర్ధారించలేదు" అనవచ్చు. ఎవరికైనా ప్రమాదం జరిగితే, "గీశాను గదా" అనవచ్చు. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో అంత జాగ్రత్తగా ఇంకే పనీ చేయలేదు.

పటం ప్రొద్దుటూరు ఆఫీసుకు పోయింది. అక్కడ మంచి కాపీ తీసే ఆయన పద్ధతైన మనిషి. సిరా గీతలన్నీ ఎత్తి రాశాడు, పెన్సిలు గీత చిత్తుదనుకుని వదిలేశాడు.

మందు చల్లే ముందురోజు మధ్యాహ్నం మమ్మల్నందరినీ రన్‌వే దగ్గరికి రమ్మన్నారు. పైలట్ కోస్తా జిల్లాల మనిషి, నలభై ఏళ్ళుంటాయి, ఎడమచేతి మీద పాత కాలిన మచ్చ. ఇద్దరు పెద్దమనుషులూ వచ్చి విమానం ముక్కుకు చెరొక పూలదండ వేశారు. పక్కవాడి దండ కంటే తనది పొడుగుండాలని ఇద్దరూ తెప్పించారేమో, రెండు దండలూ ఫ్యానులో చుట్టుకున్నాయి. పైలట్ ఓపిగ్గా వాటిని విప్పి తీశాడు.

తర్వాత పటం పరిచాడు. నేను చూశాను. రెండు వేపచెట్లు ఉన్నాయి. మధ్యలో తెల్లకాగితం ఉంది.

"స్తంభాలుంటే తీగ ఉంటుందనుకుని జాగ్రత్తపడతామండీ. తీగ ఎప్పుడూ కనపడదు. మా స్నేహితుడొకాయన ఎండకు ఎదురుగా పోతూ ఒక్క తీగకే పోయాడు" అన్నాడు. చెయ్యి ఎలా కాలిందో చెప్పలేదు. నా వైపు తిరిగి, "ఈ పొలాలు తిరిగినవారు మీరేనటగా? ఇవి కాక ఇంకేమైనా ఉన్నాయాండీ?" అని అడిగాడు.

పైవీధి పెద్దాయన నా పక్కనే నిలబడి ఉన్నాడు. జేబులోంచి చీనీపండు తీసి వలవడం మొదలుపెట్టాడు.

"పటంలో ఉన్నవే సార్" అన్నాను.

ఆ రోజు డైరీలో వాన లేదని రాశాను. బస్సు నలభై నిమిషాలు ఆలస్యమని రాశాను. ఏడో వరుస కాగానే నేనే చేలోకి పరుగెత్తి జెండా దించేస్తాను, అంతే గదా, అనుకున్నాను. చేసేవాణ్నేనా అన్నది డైరీలో లేదు.

మర్నాడు పొద్దున ఏడింటికి విమానం వచ్చింది. ఊరు ఊరంతా గట్ల మీద ఉంది. బావుల మీద మూతలు వేయమని, కుండలు బోర్లించమని, ఇళ్ళలోనే ఉండమని మూడు రోజులు దండోరా వేయించాను. కుండలు మాత్రం బోర్లించి, విమానం చూడటానికి నోళ్ళు తెరుచుకుని వచ్చారు. మందు మొగాన పడితే గంధం పూసినట్లు పూసుకున్నారు.

పైవీధి అల్లుడు ఉత్తరాన దుప్పటి ఎత్తి పట్టుకున్నాడు. మెత్తని మనిషి, మాట తక్కువ. ఇల్లరికపుటల్లుడు కాబట్టి ఆ ఊళ్ళో ఎగతాళికి అందరికీ అందుబాటులో ఉండేవాడు. మొదటి వరుస పోయింది. ఇరవై అంగలు. రెండో వరుస. ఇరవై అంగలు. నేను దక్షిణం కొస గట్టుమీద నిలబడి పుస్తకంలో గీతలు పెడుతున్నాను. అయిదో గీత పెట్టాక తీగ దాకా మిగిలిన వరుసలు మళ్ళీ లెక్కపెట్టుకున్నాను. ఆరోదానికి అల్లుడు ఒకసారి తలెత్తి వేపచెట్ల వైపు చూశాడు. ఆ ఊళ్ళో పైకి చూసిన మనిషిని నేను చూడటం అదే మొదలు.

ఆరో వరుస పోయింది. తూర్పుకు జరగవలసిన అల్లుడు పడమరకు నడిచాడు. ఇరవై అంగలు కాదు, దుప్పటి భుజాన వేసుకుని, కూతుర్ని చూడటానికి పోయే తండ్రిలా తీరిగ్గా, వంద అంగలు నడిచి కిందవీధివాళ్ళ చేలో నిలబడి జెండా ఎత్తాడు.

విమానం జెండాను నమ్ముకుని వస్తుంది. ఉత్తరాన ఈయన పడమరకు పోయాడు, దక్షిణాన కిందవీధి మనిషి తూర్పుకు జరిగాడు. విమానం వాళ్ళిద్దరి మధ్య ఏటవాలుగా వచ్చి, ఒకసారి మందు పడిన కిందవీధి చేలమీదా, గట్టుమీద కూర్చున్న కిందవీధి జనం మీదా ఇంకోసారి చల్లుకుంటూ పోయింది.

"రెండోతూరి మాకే కొడ్తాండారు రోయ్! మమ్మల్ని సంపేకే!"

"యెవురు సంపుతాండేది? మీకు ఎక్కువ పడితే మాకు తక్కువ పడె గదరా!"

అంతే. రెండు వీధులూ గట్లు దూకి చేలో పడ్డాయి. రాళ్ళు లేచాయి, పంచెలు ఊడాయి, బంతిపూల దుప్పట్లు రెండూ కాళ్ళ కింద చిరిగాయి. తిరిగి వచ్చిన విమానానికి జెండాలు లేవు, కింద జనం కుమ్ములాడుకుంటున్నారు. పైకి లేచి, ఒక చుట్టు చుట్టి, జమ్మలమడుగు వైపు వెళ్ళిపోయింది. మా సీమ కొట్లాట వల్ల ఒక ప్రాణం నిలబడటం నా డైరీలన్నిటిలోనూ అదొక్కసారే.

పెద్దాయన అందరి ముందరా అల్లుణ్ని పట్టుకుని, "తూర్పేదో పడమరేదో తెల్దంట్రా నీకు? నీకు పిల్లనిచ్చినోన్ని నన్ననాల!" అని తిట్టాడు. కిందవీధివాళ్ళు నవ్వారు. అల్లుడు తలొంచుకుని కళ్ళు తుడుచుకుంటూ నిలబడ్డాడు. ఆ మంట మందుదే అనుకున్నారు.

మధ్యాహ్నం కాకముందే పైలట్ జీపులో వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ఏడో వరుస నుంచి తనే నడిచాడు. రెండో వేపచెట్టు దగ్గర ఆగి పైకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఇదేమిటండీ?" అన్నాడు.

రెండు వీధులవాళ్ళూ నేనూ కలిసి అరవై డెబ్బై మందిమి ఉన్నాం. ఒక్కరూ తలెత్తలేదు.

"ఇది మీ పటంలో లేదే. మీరు చూశారా?" ఇది నన్ను.

"పెన్సిలుతో గీసినా సార్. కాపీలో పోయింది."

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. జేబులోంచి తన పెన్ను తీసి, మూత విప్పి, పటంతో సహా నా చేతికిచ్చాడు. జీపు బానెట్ మీద పటం పరిచి, అందరూ చూస్తుండగా, వేపచెట్టు నుంచి వేపచెట్టుకు గీత గీశాను. బానెట్ వంపు మీద గీత కాస్త వంకర వచ్చింది. తీగ కూడా వంకరగానే ఉంది కాబట్టి సరిపోయింది.

పెద్దాయన దగ్గరికొచ్చి వంగి చూశాడు. "గీస్తే గీసుకో సార్. యెవురిదో మాత్రం రాయగాకు."

"ఈ తీగ దించితే గానీ తూర్పు పొలాలకు మందు చల్లనండీ" అన్నాడు పైలట్.

"ల్యాని తీగను యెట్ల దించేది సామీ?" అన్నాడు పెద్దాయన, నిజంగానే అర్థం కానట్లు.

పైలట్ జీపెక్కాడు. రెండు రోజుల్లో విమానం వేరే తాలూకాకు పోయింది. పైవీధి వేరుశనగను పురుగులు తినేసి, దండు కట్టి, కిందవీధి చేలమీదికి కదిలాయి. పురుగులను తమమీదికి తోలించాడని కిందవీధి ఆయన తొండూరులో ఫిర్యాదు ఇచ్చాడని విన్నాను. దానికి సాక్షులు దొరికారట.

కొన్నేళ్ళ తర్వాత పులివెందుల బస్టాండులో ఆ అల్లుడు కనిపించాడు. టీ తాగుతూ అడిగాను.

"ఆ పొద్దు కావాల్నే గదప్పా పడమరకు నడిసింది?"

"దిక్కు మర్సిపోయినా సార్" అన్నాడు. నా జేబు వైపు చూశాడు, పుస్తకం ఉందేమోనని. లేదు. అయినా గ్లాసు కింద పెట్టి బస్సు వైపు నడిచాడు. "దిక్కుల్ల్యానోడు" అని ఆ ఊళ్ళో ఆయనకు పేరు స్థిరపడిపోయింది. ఒక మనిషిని బతికించినందుకు ఆయనకు దక్కింది అదే. నాకు ఆ ఏడాది మంచి పటం గీసినందుకు ఆఫీసులో మెచ్చుకుంటూ కాగితం ఇచ్చారు.

ఇది రాయడానికి పోయిన వారం ఆ డైరీ తీశాను. వాన, పురుగు, బస్సు అన్నీ సిరాతో ఉన్నాయి. "ఉత్తరం కొసన వేపచెట్ల మధ్య తీగ ఉంది, పైవీధి ఆయనది" అన్న ఒక్క వాక్యం మాత్రం పెన్సిలుతో ఉంది. సగం చెరిగిపోయింది. అది నా సొంత డైరీ, నా బీరువాలో తాళం వేసి పెట్టుకున్నది. అందులో కూడా పెన్సిలే.

పెన్ను తీసి దాన్ని సిరాతో దిద్దాను. ఇద్దరు పెద్దమనుషులూ పోయి చాలా కాలమైంది, వేపచెట్లు కూడా లేవు. అయినా దిద్దే ముందు లేచి, వీధి తలుపు దగ్గరికి వేసి వచ్చాను.